దిండు కింద ఫోన్

మా అత్తయ్య ఫోన్‌కి రబ్బరు బ్యాండ్ కట్టి ఉంది. కూరగాయల కవరు మూతికి వేసే లావు రబ్బరు బ్యాండ్, రెండు చుట్లు.

మే నెల మండుటెండలు. ఇక్కడ చెన్నైలో అగ్ని నక్షత్రం అంటారు, మనవైపు కత్తెర అంటాం. మధ్యాహ్నం షాపు నుంచి భోజనానికి ఇంటికొచ్చాను. అత్తయ్య మంచం మీద పడుకుని అన్నమయ్య కీర్తనలు వింటోంది. పాట దిండు కింద నుంచి వస్తోంది. ఛార్జర్ వైరు దిండు కింద నుంచి గోడ ప్లగ్ దాకా సాగి ఉంది. దిండు అంచు ఎత్తి చూస్తే రబ్బరు బ్యాండ్ కనిపించింది.

"ఇదెందుకు కట్టారు అత్తయ్యా?"

"నోరు తెరుస్తా ఉంది అమ్మాయ్. కట్టకపోతే సందులో దుమ్ము పోతుందని కట్టినా."

"ఎన్నాళ్లయింది?"

"పది రోజులుంటుంది. నీకు చెప్తే కొత్తది కొంటావు. ఎందుకులే దండగ అని చెప్పలే."

నేను మొబైల్ సర్వీస్ చేస్తాను. పెరంబూరులో పేపర్ మిల్స్ రోడ్డు పక్క సందులో మా షాపు. కౌంటర్ దగ్గర మా ఆయన కూర్చుంటారు, వెనక బెంచ్ మీద ఫోన్లు విప్పేది నేను. సూళ్లూరుపేట నుంచి పెళ్లై వచ్చిన ఏడాదే ఈ పని నేర్చుకోవడం మొదలుపెట్టాను. రోజుకు పది ఫోన్లైనా విప్పుతాను. వారానికి రెండు మూడు ఉబ్బిన బ్యాటరీలు చూస్తాను, ఎండాకాలంలో ఇంకా ఎక్కువ. వచ్చిన ప్రతివాళ్లకీ జాగ్రత్తలు చెప్పి పంపిస్తాను. నా ఇంట్లో, మా అత్తయ్య తల కింద పది రోజులుగా ఉన్నదాన్ని మాత్రం చూడలేదు. ఇంటి దీపమని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలవా అంటారు కదా. ఆ రోజు నా చేతులు వణికాయి.

ముందు గోడ స్విచ్ ఆపాను. ఆ తర్వాతే వైరు తీశాను. అత్తయ్యను లేపి హాల్లో కూర్చోబెట్టాను. ఫోన్ చేత్తో పట్టుకుంటే చురుక్కుమంది. స్విచ్ ఆఫ్ చేశాను. రబ్బరు బ్యాండ్ ఫట్టున వదలకుండా, ఒక్కో చుట్టూ మెల్లగా జరిపి తీశాను. తీయగానే డిస్‌ప్లే ఒక పక్క చిటికెన వేలి గోరు పట్టేంత పైకి లేచింది. దాన్ని వెనక్కి నొక్కలేదు. వంటింట్లో వాడకుండా పడి ఉన్న మట్టి మూకుడు తెచ్చి, అందులో పెట్టి, బాల్కనీలో నీడ పడే మూల ఉంచాను. ఆరేసిన బట్టలు లోపలికి తెచ్చేశాను. గంటసేపు అక్కడే ఉంచి, పూర్తిగా చల్లారాక, అదే మూకుడుతో షాపుకు నడిచి తీసుకెళ్లాను. హ్యాండ్‌బ్యాగులో వేసుకోలేదు.

ఆ గంటా అత్తయ్య నా మొహమే చూస్తూ కూర్చుంది. "అంత ప్రమాదమా?" అని అడిగింది. అప్పుడు చెప్పినదాన్నే ఇక్కడ ఇంకాస్త వివరంగా రాస్తున్నాను.

ఫోన్ బ్యాటరీ లోపల ఏముంటుందో తెలిస్తే జాగ్రత్త దానంతట అదే వస్తుంది. పూతరేకు గుర్తు చేసుకోండి. పలచటి రేకుల మధ్య బెల్లం, నెయ్యి వేసి మడతపెడతారు. బ్యాటరీ కూడా దాదాపు అంతే. ఒక రాగి రేకు, దాని మీద గ్రాఫైట్ పూత. ఒక అల్యూమినియం రేకు, దాని మీద లిథియం, కోబాల్ట్ కలిసిన పదార్థం పూత. ఈ రెండూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో వెంట్రుక కంటే పలచటి ప్లాస్టిక్ పొర. మూడింటినీ కలిపి చాపలా చుట్టి, ఒక ద్రవంలో తడిపి, వెండిరంగు కవరులో సీలు వేస్తారు. ఆ ద్రవం మండే గుణం ఉన్నది. అంటే మండే ద్రవంలో తడిసి, నిండా ఛార్జ్ ఉన్న ఆ రెండు రేకుల మధ్య కాపలా ఉన్నది ఆ పలచటి పొర ఒక్కటే. అది ఎక్కడైనా చిరిగితే రేకులు రెండూ తగులుతాయి, ఆ చోట వేడి పుడుతుంది, ఆ వేడికి పక్క పొర కరుగుతుంది, ఇంకా వేడి పుడుతుంది. అక్కడి నుంచి ఆపడం మన చేతిలో ఉండదు. 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్లు ప్రపంచమంతా వెనక్కి తీసుకున్నారు గుర్తుందా? మరుసటి ఏడాది జనవరిలో ఆ కంపెనీయే కారణం చెప్పింది. ఒక రకం బ్యాటరీలో పై మూల దగ్గర రేకు వంగిపోయింది. ఇంకో రకంలో వెల్డింగ్ దగ్గర మొనలు తేలాయి. అంతటి ఫోన్‌ని తయారీ నుంచే ఆపేసినవి అంత చిన్న లోపాలు.

మరి ఉబ్బడం ఏమిటి? లోపలి ద్రవం వేడికీ, వయసుకీ కొద్దికొద్దిగా విరిగిపోయి గ్యాస్ అవుతుంది. కవరు సీలు వేసి ఉంది కాబట్టి బయటికి పోయే దారి లేదు. పూరీ పొంగినట్టు పొంగుతుంది. ఉబ్బిన ప్రతి బ్యాటరీ పేలదు. నేను చూసిన వందల్లో మంట వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కానీ ఉబ్బిందంటే లోపల రేకులు సరిగా లేవని అర్థం. అలాంటిదాన్ని రబ్బరు బ్యాండ్ వేసి బిగిస్తే, పౌచ్‌లో కుక్కితే, డిస్‌ప్లేని బొటనవేలితో నొక్కి మూస్తే, ఆ పలచటి పొర మీదే మన బలమంతా పడుతుంది.

గుచ్చడం గురించి కూడా చెప్పాలి. "సూదితో గుచ్చి గాలి తీసేయండి అక్కా, మళ్లీ సరిపోతుంది" అని కౌంటర్ దగ్గర ఎంతమంది అడిగారో. దయచేసి ఎవరూ ఆ పని చేయకండి. కొన్నేళ్ల కింద మా షాపులో పని నేర్చుకుంటున్న పిల్లవాడు, అతుక్కుపోయిన బ్యాటరీని స్క్రూడ్రైవర్‌తో పైకి లేపబోయాడు. మొన దిగింది. ముందు సన్నగా బుస్సుమని చప్పుడు, ఒక రకం తియ్యటి ఘాటు వాసన, ఆ వెంటనే తెల్లటి పొగ. బెంచ్ కింద ఎప్పుడూ పెట్టుకునే ఇసుక బకెట్‌లోకి పట్టకారుతో వేసేసరికి నారింజ రంగు మంట లేచింది. అందరం రోడ్డు మీదకు పరిగెత్తాం. వాడి రెండు వేళ్లు బొబ్బలెక్కాయి. నాకు రాత్రంతా దగ్గు. ఆ పొగ మామూలు పొగ కాదు. లోపలి ద్రవంలో ఉండే లవణం తేమతో కలిస్తే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది, ఊపిరితిత్తులను దెబ్బతీసే విషం. ఆ రోజు నుంచి మా బెంచ్ మీద బ్యాటరీ తీయడానికి లోహపు పనిముట్టు ముట్టుకోనివ్వను. జిగురు దగ్గర ఐపీఏ (జిగురు వదిలించే ఐసోప్రొపైల్ ఆల్కహాల్) నాలుగు చుక్కలు వేసి, అది నానేదాకా ఆగి, పాత ఏటీఎం కార్డుతో మెల్లగా జరుపుతాం. ఉబ్బినదానికైతే హీట్ గన్ కూడా చూపించను. పని ఆలస్యమవుతుంది, కస్టమర్ విసుక్కుంటాడు. విసుక్కోనివ్వండి.

ఈ భయం నాకు మొదట్లో లేదు. బ్యాటరీ అంటే టార్చిలో వేసే సెల్లు లాంటిదే కదా అనుకునేదాన్ని. 2007 ఆగస్టులో మారింది. నేను ఈ ఊరికొచ్చి ఏడాది అయ్యుంటుంది. శ్రీపెరంబుదూరులో నోకియా ఫ్యాక్టరీ కూడా అంతకు ముందు ఏడాదే మొదలైంది. ఒకరోజు టీవీలో వార్త. నోకియా బీఎల్-5సీ బ్యాటరీల్లో, జపాన్‌కి చెందిన మత్సుషిత కంపెనీ చేసినవి, 2005 డిసెంబరు నుంచి 2006 నవంబరు మధ్య తయారైనవి, ఛార్జింగ్‌లో ఎక్కువ వేడెక్కవచ్చని, కావాలంటే ఉచితంగా మార్చి ఇస్తామని ఆ కంపెనీ చెప్పింది. మొత్తం 4 కోట్ల 60 లక్షల బ్యాటరీలు. అప్పటికి ప్రపంచం మొత్తం మీద వేడెక్కినట్టు తెలిసినవి ఓ వంద మాత్రమే. కానీ మన దగ్గర అది "నోకియా ఫోన్ పేలుతుంది" అని పాకిపోయింది. మా షాపు ముందు పొద్దున ఏడుకే జనం. బ్యాటరీ తీసి చేతిలో పట్టుకుని, వెనక ముద్రించిన పొడవాటి నంబరు చదవమని. కళ్లజోడు లేని పెద్దవాళ్లకు నేనే చదివి చెప్పేదాన్ని. ఆ వారం రోజుల్లో బ్యాటరీ అట్ట మీద ఏమేం రాసి ఉంటుందో నాకు కంఠతా వచ్చేసింది.

అప్పటి ఫోన్లలో ఒక సుఖం ఉండేది. వెనక మూత తీస్తే బ్యాటరీ చేతికొచ్చేది. టేబుల్ మీద పెట్టి వేలితో తిప్పితే, బాగున్నది రాసుకుని ఆగిపోతుంది, ఉబ్బినది బొంగరంలా తిరుగుతుంది. చిన్నపిల్లలు కూడా కనిపెట్టగలిగేవాళ్లు. ఇప్పుడు అన్నీ సీలు వేసిన ఫోన్లు. లోపల ఏం జరుగుతుందో కనిపించదు. అందుకే బయట గుర్తులు చూడాలి. ఫోన్‌ని కవరు నుంచి తీసి నున్నటి బల్ల మీద బోర్లా ఒకసారి, వెల్లకిలా ఒకసారి పెట్టి మూలల మీద తట్టండి. ఊగితే అనుమానించాలి. డిస్‌ప్లేకీ అంచుకీ మధ్య టార్చి వెలుగు దూరుతుందేమో చూడండి. వెనక గ్లాసు మధ్యలో పొంగిందా, తెర మీద ఒకచోట తెల్లటి మచ్చ పడిందా, వాల్యూమ్ బటన్ ఉన్నట్టుండి బిగుసుకుపోయిందా. ఛార్జ్ 40 శాతం చూపిస్తూనే ఆఫ్ అయిపోతోందా. ఇవి చాలు. చాలామంది లావు ఫ్లిప్ కవరు వేసి నెలల తరబడి తీయరు. అత్తయ్య కూడా అంతే, కవరులో పట్టకపోయేసరికి కవరు తీసేసి రబ్బరు బ్యాండ్ వేసింది. నెలకోసారి కవరు తీసి తుడవండి, ఆ తుడిచేటప్పుడే కనిపిస్తుంది.

ఇక వేడి. నా అనుభవంలో అన్నిటికంటే పెద్ద శత్రువు ఇదే. ఆపిల్ కంపెనీ తన ఫోన్లు వాడటానికి రాసిన హద్దు 35 డిగ్రీలు. చెన్నైలో మే నెలలో 40 దాటే రోజులుంటాయి. అంటే ఫోన్ ఏమీ చేయకుండా ఊరికే ఉన్నా, మన ఊరి గాలే దానికి ఎక్కువ. దాని మీద పరుపూ దిండూ కప్పి, ఛార్జింగ్ పెట్టి, పాట పెడితే ఆ వేడి ఎటు పోతుంది? మా బెంచ్ మీదకు అన్నిటికంటే దారుణంగా ఉబ్బి వచ్చేవి ఫుడ్ డెలివరీ పిల్లల ఫోన్లు. బైక్ హ్యాండిల్ మీద హోల్డర్‌లో, నడినెత్తిన ఎండ, మ్యాప్ నడుస్తూ, తెర వెలుతురు పూర్తిగా పెంచి, పైగా బైక్ నుంచే ఛార్జింగ్. ఆ పిల్లలకు ఫోన్ ఆగితే కూలి ఆగుతుంది, వాళ్లను ఏమని కోప్పడతాం? నేను చెప్పేది ఒక్కటే. ఆర్డర్ కోసం హోటల్ ముందు ఆగినప్పుడు నీడలోకి వచ్చి, కవరు తీసి, అప్పుడు పవర్ బ్యాంక్ పెట్టు. బండి నడుపుతూ ఎండలో ఛార్జ్ చేయకు. వీలైతే హోల్డర్ మీద టోపీలాంటి గొడుగు పెట్టించుకో. ఒక అబ్బాయి అట్టముక్క కత్తిరించి తనే చేసుకున్నాడు, ఏడాది దాటింది, బ్యాటరీ బాగానే ఉంది. వేడెక్కిన ఫోన్‌ని చల్లబరచడానికి ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లున్నారు. వద్దు. లోపల చెమ్మ పట్టి బోర్డు పోతుంది. ఫ్యాను కింద పెడితే చాలు.

రాత్రంతా ఛార్జింగ్ పెడితే పేలుతుందా అని రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ఫోన్, మంచి ఛార్జర్ అయితే నిండగానే లోపలి సర్క్యూట్ ఆపేస్తుంది, పేలదు. కానీ నిండుగా నూటికి నూరు దగ్గర, వేడిగా, ప్రతి రాత్రీ ఏడెనిమిది గంటలు ఉంచితే త్వరగా ముసలిదవుతుంది. లిథియం బ్యాటరీకి ఆ చివరా ఈ చివరా నచ్చదు. 20 నుంచి 80 మధ్య ఉంటే హాయిగా ఉంటుంది. ఇప్పటి చాలా ఫోన్ల సెట్టింగుల్లో 80 దగ్గర ఆపేసే ఏర్పాటు ఉంది, మీ పిల్లలను అడిగి పెట్టించుకోండి. "సున్నా దాకా దించి ఎక్కించాలి", "కొత్త ఫోన్ ఎనిమిది గంటలు ఛార్జ్ చేయాలి" అనేవి పాత నికెల్ బ్యాటరీల కాలం మాటలు, వాటిని వదిలేయవచ్చు. నాకు రాత్రి ఛార్జింగ్ కంటే ఫోన్ ఎక్కడ పెట్టారన్నదే ముఖ్యం. రాయి మీద, టైల్స్ మీద, స్టీలు పళ్లెంలో పెట్టండి. పరుపు మీద, సోఫా మీద, దేవుడి గూట్లో దీపం పక్కన పెట్టకండి. చంటిపిల్లల పక్కన అసలే వద్దు.

డూప్లికేట్ బ్యాటరీల సంగతి చెప్పకుండా ఉండలేను. మా సరుకు చెన్నై ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ నుంచే వస్తుంది. అక్కడ ఒకే ఫోన్‌కి మూడు నాలుగు ధరల్లో బ్యాటరీ దొరుకుతుంది, పైన అట్ట మాత్రం అన్నిటికీ ఒకటే. తేడా లోపల ఉంటుంది. అసలుదానికి తల దగ్గర పసుపు టేపు కింద చిన్న రక్షణ బోర్డు ఉంటుంది. ఎక్కువ ఛార్జ్ అయినా, షార్ట్ అయినా అది కరెంటును ఆపేస్తుంది. వేడి ఎంతుందో కనిపెట్టి ఫోన్‌కి చెప్పే థర్మిస్టర్ కూడా ఉంటుంది. చవకరకం విప్పి చూశాను, థర్మిస్టర్ ఉండాల్సిన చోట వేడిని కనిపెట్టలేని మామూలు రెసిస్టర్ పెట్టి ఉంది. అంటే బ్యాటరీ ఎంత కాలుతున్నా ఫోన్‌కి "అంతా చల్లగానే ఉంది" అని అబద్ధం చెబుతుంది. ఆ రకం మా షాపులో పెట్టం. దానివల్ల బేరాలు పోతాయి. పక్క షాపులో మూడొందల యాభైకే వేస్తానన్నాడు అంటారు, వెళ్లిపోతారు. కొందరు ఆరు నెలలకు తిరిగి వస్తారు. కొనేటప్పుడు అట్ట మీద బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు, బ్యాటరీకైతే ఐఎస్ 16046 అని ఉందో లేదో చూడండి. ఆ ఆర్ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఏ కంపెనీకి ఇచ్చారో చూపిస్తుంది. ఛార్జర్లకూ ఇదే పద్ధతి.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు మా వీధిలో మోకాలి లోతు నీళ్లు, కరెంటు లేదు. నీళ్లు తగ్గాక షాపు తెరిస్తే తడిసిన ఫోన్లు బియ్యం డబ్బాలతో సహా వచ్చాయి. బియ్యంలో పెట్టడం వల్ల లోపలి నీళ్లు పోవు, రంధ్రాల్లో పిండి మాత్రం చేరుతుంది. తడిస్తే వెంటనే ఆఫ్ చేయాలి, సిమ్ ట్రే తీయాలి, తుడిచి గాలి తగిలేట్టు నిలబెట్టాలి. ఆరిందో లేదో చూద్దామని ఛార్జింగ్ మాత్రం పెట్టకూడదు. ఆ వారం నా దగ్గరికి వచ్చినవాటిలో నీళ్లకు పోయినవాటి కంటే, నీళ్లలో తడిశాక ఛార్జింగ్ పెట్టి పోయినవే ఎక్కువ. తడిసిన పవర్ బ్యాంక్‌ని అయితే నేను బాగుచేయను. తీసేయమంటాను.

పవర్ బ్యాంక్ అనగానే ఇంకో మాట. విమానంలో దాన్ని చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉండాలి. కింద సామాను గదిలో మంట లేస్తే చూసేవాళ్లుండరు కాబట్టి. హద్దు 100 వాట్-అవర్లు. అట్ట మీద ఆ లెక్క లేకపోతే, పవర్ బ్యాంక్ సామర్థ్యం చెప్పే ఎంఏహెచ్ అంకెని 3.7తో గుణించి వెయ్యితో భాగించండి. 20,000 ఎంఏహెచ్ అంటే 74, పరవాలేదు.

మంట వస్తే ఏం చేయాలో కూడా ఒక్కసారి మనసులో అనుకుని ఉంచుకోండి, ఆ క్షణంలో ఆలోచన రాదు. ముందు గోడ స్విచ్, వీలుకాకపోతే మెయిన్ ఆపండి. మనుషులను బయటికి పంపండి. ఫోన్‌ని చేత్తో పట్టుకుని విసరకండి. దూరం నుంచి నీళ్లు ధారాళంగా పోయవచ్చు. లిథియం మీద నీళ్లు పోస్తే ఇంకా మండుతుందని చాలామంది భయపడతారు. ఫోన్ బ్యాటరీలో లిథియం లోహపు ముద్దలా ఉండదు, అందుకే నీళ్లు దాన్ని చల్లబరుస్తాయి. విమాన సిబ్బందికి నేర్పేది కూడా నీళ్లు పోసి చల్లబరచమనే. ఇసుక మంటను పాకనివ్వదు కానీ చల్లబరచదు, అందుకే నేను బెంచ్ దగ్గర రెండూ ఉంచుతాను. పొగ కమ్ముకుంటే మాత్రం ఏదీ పోయడానికి ఆగకుండా బయటికొచ్చి 101కి చేయండి.

మా బెంచ్ పైన గోడకు ఒక పేపర్ కటింగ్ అంటించి ఉంది. 2019లో లిథియం అయాన్ బ్యాటరీకి రసాయన శాస్త్రంలో నోబెల్ ఇచ్చిన రోజుది. ముగ్గురికి ఇచ్చారు, స్టాన్లీ విటింగ్‌హమ్, జాన్ గుడెనఫ్, అకీరా యోషినో. గుడెనఫ్‌కి అప్పుడు 97 ఏళ్లు. నాకు బాగా నచ్చినది యోషినో చేసిన పని. అంతకు ముందు లిథియం లోహంతో చేసిన బ్యాటరీలు దెబ్బ తగిలితే అంటుకునేవి. ఆయన లోహం బదులు కార్బన్ పదార్థం వాడి చేసి, 1986లో దాని మీద బరువైన ఇనుప దిమ్మె పడేసి చూశాడు. అంటుకోలేదు. లిథియం అయాన్ బ్యాటరీ నిజంగా పుట్టిన క్షణం అదే అని ఆయనే తర్వాత చెప్పాడు. అంటే మన చేతికి రావడానికి ముందే ఈ వస్తువును ఇంత జాగ్రత్తగా చూసుకున్నవాళ్లున్నారు. పనిలో విసుగొచ్చినప్పుడు ఆ కటింగ్ వైపు చూస్తాను.

పాత బ్యాటరీలు ఏం చేయాలి? చెత్తబండిలో వేయకండి. చెత్త లారీలో నలిగినప్పుడు అవి అంటుకోగలవు, చెత్త ఎత్తేవాళ్లు చేత్తో ఎత్తుతారు. మాకు కొడుంగైయూరు చెత్తకుప్ప దగ్గరే. ఎండాకాలం అక్కడ మంటలు లేస్తే ఆ పొగ వాసన ఎలా ఉంటుందో మా ఉత్తర చెన్నైవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని వెనక్కి సేకరించే బాధ్యత తయారుచేసినవాళ్లది. సర్వీస్ సెంటర్‌లోనో, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకో ఇవ్వండి. నేను టెర్మినళ్ల మీద టేపు అంటించి, ఇసుక పోసిన ఇనుప డబ్బాలో వేసి, నెలకోసారి అప్పగిస్తాను. మీ బీరువాలో పడి ఉన్న పాత ఫోన్లను కూడా ఒకసారి బయటికి తీసి చూడండి. రైల్వే కారేజ్ వర్క్స్‌లో పనిచేసి రిటైరైన ఒక బాబాయిగారు బిస్కెట్ డబ్బా నిండా ఏడు పాత ఫోన్లు తెచ్చారు. మూడింటికి వీపులు ఉబ్బి ఉన్నాయి. అవి ఇన్నాళ్లూ ఆయన పెళ్లి ఫోటోల ఆల్బమ్ కింద ఉన్నాయి. దాచుకోవాల్సిన ఫోన్ అయితే సగం ఛార్జ్‌తో, చల్లటి చోట ఉంచి, మూణ్నెల్లకోసారి చూడండి.

అత్తయ్య ఫోన్‌కి ఆ సాయంత్రమే కొత్త బ్యాటరీ వేశాను. డిస్‌ప్లేకి ఏమీ కాలేదు. కొత్త ఫోన్ కొననందుకు ఆమెకు చాలా సంతోషం. ఇప్పుడు హాల్లో కడప రాయి అరమీద స్టీలు పళ్లెం పెట్టుకుంది, అందులోనే ఛార్జింగ్. వినాలంటే చిన్న బ్లూటూత్ స్పీకర్ కొనిచ్చాం, అది మంచం దగ్గర, ఫోన్ అరమీద. పడుకునే ముందు ఫోన్ వీపు మీద చెయ్యి పెట్టి చూస్తుంది, చంటిపిల్లకు జ్వరం చూసినట్టు.

పోయిన వారం, షాపులో పని మీద ఉండగా కౌంటర్ దగ్గర అత్తయ్య గొంతు వినిపించింది. పక్క పోర్షన్ తమిళావిడను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. రెండో చేతిలో మట్టి మూకుడు. అందులో ఆవిడ ఫోన్, వెనక మూత ఒక మూల లేచి ఉంది.

"స్విచ్ ఆపించినా, నొక్కనీలే" అంది నాతో. బెంచ్ కింద నుంచి ఇసుక బకెట్ ముందుకు జరుపుకుని, మూకుడు అందుకున్నాను.